పర్లాకిమిడిలో పెళ్లి కాపీ

పెట్టె మీద సెకనుకి రెండు వేల ఎంబీ అని ఉంది.
నిజమే, ముహూర్తం వీడియోని
ఒక్క గుక్కలో తాగేసింది.
ఆపైన ఆయాసం.
డ్రైవు ముట్టుకుంటే చురుక్కుమంది.

ఇక ఫొటోలు, పద్దెనిమిది వేలు.
పాతపట్నం దారిలో చెక్‌పోస్టు తెలుసు కదా,
లారీడు జీడిపిక్కలు ఒక్క చీటీతో దాటేస్తాయి.
సంతబుట్టలకి మాత్రం
ఒక్కోదానికీ ఆగడం, పేరు చెప్పడం,
రిజిస్టరులో రాయించుకోవడం,
లోపల ఉన్నది గుప్పెడు చింతపండే అయినా.

పెళ్లికూతురి అన్న జలంధర పాణిగ్రాహి
కుర్చీ అంచున కూర్చుని
"ఆఉ కెతే?" అంటాడు.
"అయిపోవచ్చింది బాబూ" అంటాను.
ఎవరి భాషలో వాళ్లం.

పాత వైరు పీకి కొత్తది పెట్టాను.
ఆకుపచ్చ గీత కాస్త జరిగి, మళ్లీ నిలబడింది.
పదకొండు వేల ఆరో పేరు రాసుకుంటోంది:
కళ్లు మూసుకుపోయిన వాళ్ల పిన్ని.