పాట

జెండా పాట అంటరు దాన్ని.
ఎనుమాముల యార్డుల పొద్దుగాల
మొదటి రాశి మీద పలికే మొదటి ధర.
అది పాటని నాకు చానా ఏండ్లు తెల్వదు.
జనం మూగి, నోర్లు తెరిచి ఉంటే
ఎవలికో దెబ్బ తాకిందనుకున్న.

నా పేరు స్వరూప.
'స్వర' కాడ ఆపకున్రి పేరును,
'స్వ' కాడ ఆపున్రి.
ఊర్లె ఇట్ల పిలువరు. ఎట్ల పిలుస్తరో
చిన్నప్పుడే పెదిమెల మీద సదివిన,
అది ఇక్కడ రాయ.

దుగ్గొండి అవతల రెండెకరాల చెల్క నాది.
పట్టా పాసుబుక్కుల ఫొటో నాది.
నారు నాది, నడుము నొప్పి నాది,
కల్లంల తాలుకాయ ఏరంగ మండిన వేళ్లు నావి.
బస్తా మూతి కుట్టినంక మాత్రం
మిర్చి మా అన్నదయ్యేది.

భద్రయ్య చెడ్డోడు కాదు.
పైసలు తువ్వాలల ముడేసి తెచ్చి
నా చేతుల పెట్టేటోడు.
ఎంతకు పోయిందని సైగ జేస్తే
నీకెందుకులే అన్నట్టు నవ్వేటోడు.
పదకొండేండ్లు
ఆ నవ్వే నా తక్‌పట్టీ.

ఈసారి పద్దెనిమిది బస్తాలు ట్రాలీల ఎక్కించి
నేనే ముందు సీట్ల కూసున్న.

అడ్తి సేటు నన్ను సూడలే. నా ఎన్క సూసిండు.
"ఎవలొచ్చిన్రు నీతోని?"
బస్తాల దిక్కు చెయ్యి సూపిన.
మళ్ల నా ఎన్కనే సూసిండు.
అక్కడ ఓ హమాలీ తుమ్ముకుంట నిలబడ్డడు,
నా మిర్చి సంగతి వాన్ని అడిగిండు.
వాడు నా దిక్కు వేలు సూపి
ఇంకోసారి తుమ్మిండు.

అగో, పాట మొదలైంది.
ఘాటుకు గొంతులు పట్టుకపోయి
దగ్గుల్ల ధర ఇనపడక
చేతులు లేసినయి.
ఒక వేలు. మూడు వేళ్లు. మడిచిన బొటనవేలు.
ఓ యవ్వ! ఇది నా భాష గదా!
ఇంతమందికి వచ్చా ఇది,
యాస కొంచెం మోటైనా?

జెండా పదహారు వేలు పలికింది.
నాకు పదమూడున్నర సూపిండు సేటు.
తల అడ్డం తిప్పిన.
పద్నాలుగు.
ఒక కాయ తుంచి ఆయన అరచేతిల పెట్టిన.
పద్నాలుగు మీద రెండు వందలు.
గింతే, అన్నయి ఆయన చేతులు.

హన్మకొండ బడిల మా టీచరు
నా చెయ్యి తన గొంతు మీద పెట్టుకోని
ఏడాది పొడుగున నేర్పిన మాట ఒకటుంది.
నా నోటికి వచ్చేది అదొక్కటే.
దేనికీ పనికిరాదనుకున్న,
పిలిచెతందుకు మా అవ్వ లేకపాయె.
ఆ పొద్దు యార్డుల
గొంతు కదిలేటట్టు అన్న:
అమ్మ.

అమ్మ.
ఈ ధరకు నేను అమ్మ.

సేటు ఇన్నడు. ఈసారి నా ఎన్క సూడలే.

బస్తాలు కోల్డ్ స్టోరేజీల పెట్టిన.
రేటు పెరగలే.
శ్రావణం దాక సూసి, సూసి
పన్నెండు వేల ఆరు వందలకు ఇచ్చిన.
అన్న నెత్తి పట్టుకున్నడు, నేనైతేనా అని.
కిరాయితోని కలిపి పదమూడు వేల నాలుగు వందల ఇరవై
నష్టం.
పదకొండేండ్ల లాభం ఎంతో ఇప్పటికీ తెల్వదు,
ఈ యేడు నష్టం ఇరవై రూపాయల దాక తెలుసు.
తప్పు చేసిన. నేను చేసిన.
మొన్నటేడు అన్న పత్తిల తప్పు చేస్తే
ఆయన పాసుబుక్కు ఎవలూ గుంజుకోలే.

మాఘంల మళ్ల పోయిన.
సేటు గల్లపెట్టె మీద కొత్త పలక ఉన్నది,
ధర రాసి సూపెతందుకు.
నా కోసమని కాదంట,
ఆయనకు దగ్గు ఎక్కువైందంట.
కానీ తియ్.
అటు పక్క రైతులు గూడ మెడలు చాపి
అదే సదువుతున్నరు.

పాట అంటే ఇంకోటి గూడ ఉంటదంట,
చెవులున్నోళ్లకు.
ఉండనియ్.
సుద్దముక్క ఇటియ్యి సేటూ,
ముందు నా ధర రాస్త.