నలభై మూడో మూర్ఛ

మస్తాన్‌వలి కొట్లో పుస్తకం అద్దె పది రూపాయలు.
అట్ట చిరిగితే ఇరవై.
నీలోత్పల స్పృహ తప్పితే మాత్రం
ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు.

నలభై మూడు భాగాలు చదివాను.
డిపోలో బండి కడుగుతుంటే కొన్ని,
గుంటూరు బస్టాండులో
డ్రైవర్ ఏసుపాదం టీకి దిగినప్పుడు కొన్ని,
కాజా టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడల్లా అర పేజీ.

ప్రతి భాగంలో శవం మారుతుంది,
హంతకుడు మారతాడు,
డిటెక్టివ్ ప్రహర్ష గారి కారు మారుతుంది.
సెక్రటరీ నీలోత్పల మాత్రం
"బాస్!" అని ఒక్క కేక పెట్టి
ఎప్పుడూ ఎడమవైపుకే ఒరుగుతుంది.

ఒరిగేలోపు రచయిత కాస్త ఆగి
పమిట మీద నాలుగు వాక్యాలు రాస్తాడు.
కింద శవం ఉంది మహానుభావా,
ముందు దాని సంగతి చూడు.

మొదటి భాగంలో ఇలా లేదు.
అప్పుడే బెజవాడలో రైలు దిగిన పిల్ల,
గవర్నరుపేటలో గది అడగడానికి వెళ్తే
"ఒక్కదానివేనా?" అన్నాడు ఇంటాయన.
"కాదండీ, నేనూ నా టైపు మిషనూ" అంది.

ఆ మాటకి పడిపోయింది నేనే.
మళ్ళీ ఒక్కసారి అలాంటి మాట అంటుందేమోనని
నలభై రెండు పుస్తకాలు,
నాలుగొందల ఇరవై రూపాయలు,
చిరిగిన అట్టలు అదనం.
టైపు మిషను ఏ భాగంలో పోయిందో కూడా
ఆయన చెప్పలేదు.

మిగతా ఆడవాళ్ళా?
ఎర్రచీర కట్టినామె తొంభయ్యో పేజీ దాటదు.
కళ్ళజోడు పెట్టుకున్నామె కనిపిస్తే
విషం సీసా ఆమె బీరువాలోనే.
ఒక తల్లి ఉంటుంది, పేరు ఉండదు,
తలుపు తీసి, ఏడ్చి, కాఫీ తెస్తుంది.

మొన్న ఆఖరి ట్రిప్పులో
నంబూరులో ఒకడెక్కాడు, ఊగుతూ.
టికెట్టడిగితే చిల్లర నా మొహాన విసిరాడు.
బస్సంతా నా వంకే చూసింది.
కళ్ళు తిరగలేదు నాకు.
సీట్ల కింద వంగి ఒక్కో బిళ్ళా ఏరి, లెక్కపెట్టి,
"రెండు రూపాయలు తగ్గింది" అన్నాను.
తిట్టాడు.
విజిల్ వేసి, టోల్‌గేటు లైట్ల కింద దింపేశాం.

వెనక సీట్లో
మిర్చి యార్డు నుంచి వస్తున్న ఒక పెద్దావిడ
మండే అరచేతులు ఊదుకుంటూ
మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.
"ఆ రెండూ వసూలు చేసి దింపాల్సింది" అంది.

ఈవిడ ఏ భాగంలో వస్తుందో చెప్పండి,
అడ్వాన్సు కట్టి తీసుకుంటాను.

నలభై మూడు, నూట పన్నెండో పేజీ.
మళ్ళీ కేక, మళ్ళీ ఎడమవైపు.
విసిరికొట్టబోయి ఆగాను.
పక్కన ఖాళీలో పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో
ఎవరో రాసి ఉన్నారు:
"లే నీలా, నేల చల్లగా ఉంది."

"ఎవరు తీసుకెళ్ళారిది, నాకంటే ముందు?"
మస్తాన్‌వలి చిట్టా తిప్పి తిప్పి
"అద్దె రాసుకుంటానమ్మా, మనుషుల్ని కాదు" అన్నాడు.

లెనిన్ సెంటర్లో ఎండ దిగుతోంది.
గైడ్ల కోసం పిల్లలు నన్ను తోసుకుంటున్నారు.
ఎవరి చేతిరాతైనా అయి ఉండొచ్చు,
ఆ కళ్ళజోడు పిల్లదో,
చీటీల లెక్క రాసుకుంటున్న ఆయనదో.

నలభై నాలుగు ఉందా అనడిగాను.
తిట్టుకుంటూనే తీసుకున్నాను.

తను ఎక్కడ పడుతుందో నాకు తెలుసు,
నూటపదికి అటూ ఇటూ.
చదవకుండానే ఆ పేజీ తీసి
అందులో ఒక టికెట్ పెట్టాను,
ఎవరో సీట్లో వదిలేసి దిగిపోయింది.
గుంటూరు నుంచి విజయవాడ.
స్త్రీ ఒకరు. సున్నా రూపాయలు.

తేదీ దాటిపోయింది, నిజమే.
ఫుట్‌బోర్డు దగ్గర ఉండేది నేనే కదా,
ఎక్కించుకుంటాను.