ఏ ఊరికి ఈ నోరు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఏ ఊరో చెప్పిపోలేదు, ఆ మాట అన్నవాళ్లు.

వయాలాలో, ఉక్కు ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము
కిటికీ అంచుల్లో అట్టకట్టే అద్దె ఇంట్లో,
చలికోట్లు వేలాడే అల్మరాలో దూరి
నేనూ సువర్ణమేరీ దెయ్యాల కథలు చెప్తాం.
వారానికొకటి. ఇరవై రెండు నిమిషాలు.
గది మార్మోతను కోట్లు తాగేస్తాయి.
ఫ్రిజ్ ఆపేస్తాం. ఒకసారి పాలు విరిగాయి కూడా.

పంతొమ్మిది కథలయ్యాయి. వినేవాళ్లు నలభై ముగ్గురు.
అందులో ఒకరు మా చెల్లెలు, ఇద్దరు సువర్ణ ఫోన్లే.

ఎక్కడ పెట్టాలి అన్నది ఇవాళ్టి పంచాయితీ.
బల్ల మీద చల్లారిన టీ, ల్యాప్‌టాప్,
తెర మీద ఖాళీ గడుల వరస,
టిక్కు పెడితే ఒక్కో గడీ ఒక్కో అంగడి.
ఆకుపచ్చది ఒకటి, ఊదారంగుది ఒకటి,
ఎర్ర బొత్తాంది మాత్రం మొహం చూపించమంటుంది.
"మొహం కనిపించాక ఇంక భయమేముంటుందే" అంది సువర్ణ.

హైదరాబాదు నుంచి ఒక కంపెనీ కుర్రాడు, పేరు నిశ్చల్,
ఒక్క నిమిషం కుదురుగా లేడు పాపం,
"మా దగ్గరే పెట్టండి మేడమ్, మా దగ్గర మాత్రమే.
నెలకింతని ఇస్తాం. లక్షల చెవులున్నాయి మా దగ్గర."
లక్షల చెవులు అనగానే నాకు
చెవులు తప్ప ఇంకేమీ లేని గది ఒకటి కళ్లముందు కదిలి
ఇరవయ్యో కథకు ముడిసరుకు దొరికింది.

సువర్ణది ఆసుపత్రి ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టే చెయ్యి.
కాగితం మీద ఏవో కూడి, కొట్టేసి,
"మేత బాగుందని పలుపు పొడుగవుతుందా?" అంది.
అన్నిచోట్లా చల్లితే పలచబడిపోమా అన్నాను.
"దెయ్యానికి చిరునామా ఒకటే ఉండాలని ఎక్కడుందే?"

అప్పుడొచ్చింది యాకూబ్ పాషా గొంతు, ఫోన్లో.
వెనక ఇంజను రొద. ఖమ్మం యాస.
"అక్కా, నేను లారీ తోల్త, అడిలైడ్ నుంచి పెర్త్ దాంక.
సెడ్యూనా దాటినంక సిగ్నల్ దొర్కదు.
నడిమిట్లనే కథ ఆగిపోతది. పోయినసారి
ఆ నల్లచీర ఆమె తలుపు తీసింది, గంతే, కట్!
నార్స్‌మన్ దాంక పన్నెండు వందల కిలోమీటర్లు
ఆ తలుపు తెరిసే ఉన్నది నా బండిల.
మీకు పుణ్యముంటది, ముందే దించుకునేటట్టు పెట్టుండ్రి."

చాలాసేపు మేమేమీ మాట్లాడలేదు.
ఫ్రిజ్ మళ్లీ వెయ్యలేదని గుర్తొచ్చి నేను లేచాను.

నిశ్చల్ వాళ్ల అంగడిలో డబ్బు కట్టి లోపలికొస్తేగాని
దించుకోవడం కుదరదట. అడిగి తెలుసుకున్నాం.
వద్దులే బాబూ అన్నాం. ఎందుకో
అతనే ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది.
అన్ని గడుల్లో టిక్కులు పెట్టాం, ఎర్ర బొత్తాం తప్ప.
మర్నాడు దానికీ పెట్టాం, మొహాల బదులు
అల్మరా తలుపు ఫోటో అంటించి. సగం తెరిచి ఉన్నది.

బుధవారం సాయంత్రం ఆరింటికల్లా కథ వదలాలి,
అతని లారీ పోర్ట్ అగస్టా దాటేలోపు,
అని ఫ్రిజ్ తలుపు మీదే రాసి పెట్టుకున్నాం.

రెండు నెలలకి నూట పన్నెండు మంది.
సువర్ణకి అది చాలదు. నా సంగతి నాకు తెలీదు.
మొన్న యాకూబ్ చెప్పాడు: దారిలో హోటలు దగ్గర
కిటికీ దించి వింటుంటే, వంటామె డోరీన్,
తెలుగు ఒక్క ముక్క రానిది, చేతిలో గరిటెతో
చివరిదాకా నిలబడి "ఇంతకీ చచ్చిపోయిందా ఆమె?" అని అడిగిందట.
లెక్కలో ఆ ఇద్దరూ ఒకటే.

వినేవాళ్ల పటం తెరిస్తే
అడిలైడ్ మీద చుక్క, పెర్త్ మీద చుక్క,
మెల్‌బోర్న్ చుట్టూ నాలుగు, అంతే.
మధ్యలో ఏమీ లేదు. సున్నం కొట్టిన గోడలా తెలుపు.
ఈ రాత్రి ఆ తెలుపులో ఎక్కడో
ఎవరో స్టీరింగు గట్టిగా పట్టుకుని
పక్క సీటు వైపు చూడకుండా
నడుపుతున్నారు.