నేరం లేని సెన్సరు

మూడ్రోజులుగా ఇసాక్ సబర్ బొలెరో
గుణుపురంలో నా షెడ్డు కింద
ఆయిల్ దీపం ఎర్రగా వెలిగించుకుని కూర్చుంది.

బరంపురంలో సెన్సరు మార్చారట. ఆరలేదు.
ఇంజను దింపాల్సిందే, అరవై వేలు అన్నారట.
ఆ అంకెను ఇసాక్
సవరలో ఒకసారి, ఒడియాలో ఒకసారి,
నా కోసం తెలుగులో ఒకసారి అన్నాడు.
ఏ భాషలోనూ తగ్గలేదు.

సెన్సరు విప్పి ఆ కంతలో ముల్లుగేజీ బిగించాను.
స్టార్ట్ చెయ్యమన్నాను.
ముల్లు లేచి నిలబడింది.
ఆయిలుకి ఒత్తిడుంది, ఇంజనుకి రోగం లేదు.

సెన్సరు లేదు, సాకెట్టు గాల్లో వేలాడుతోంది.
దీపం ఆరాలి కదా?
ఆరలేదు.

అయితే మాట తోవలోనే చెడుతోంది.

టార్చి నోట కరుచుకుని
తీగ వెంబడి వేలితో నడిచాను.
ఆల్టర్నేటరు వెనక, క్లిప్పు ఊడిన చోట,
ఘాటీ మలుపు మలుపుకీ ఒరిసి ఒరిసి
తొక్క పోయిన తీగ:
బియ్యపుగింజంత రాగి
ఇనుముకి ఆనుకుని ఉంది.

కాస్త ఎత్తిపట్టాను. ఆరింది.
వదిలాను. వెలిగింది.
ఇసాక్ నవ్వలేదు. "మళ్లీ సెయ్యి" అన్నాడు.
నాలుగుసార్లు చేయించాడు.

టేపుకీ క్లిప్పుకీ నలభై రూపాయలు.
కూలికి కొండ పసుపు, ఓ సంచీడు.

వెళ్తూ వెళ్తూ జేబులోంచి
బరంపురంలో పీకేసిన పాత సెన్సరు తీసి
బల్ల మీద పెట్టాడు.
రాత్రి మీటరు పెట్టి చూశాను.
బాగానే ఉంది.
నీ తప్పేం లేదని
దానికి ఎలా చెప్పడం?
తుడిచి సొరుగులో పెట్టాను.