హాజరు

చిలకలగూడలో మా రెండు గదుల ఇంట్లో
అన్నం వడ్డించాకే అసలు ఆలస్యం మొదలయ్యేది.
నానమ్మ సువార్తమ్మ కొంగు తల మీదికి లాక్కుని
దేవుడికి పేర్లు చదివేది.

పెదనాన్న, ఆయన షుగరు.
మేనత్త, ఆమెకు కుదరని సంబంధం.
పదో తరగతి లెక్కల పరీక్షతో సహా నేను.
పప్పుచారు మీద తెట్టె కట్టేది.
తమ్ముడు ఒక కన్ను తెరిచి
గుడ్డు ఎవరి కంచంలో పడిందో చూసుకునేవాడు.
నాకిప్పటికీ చల్లారిన పప్పుచారే ఇష్టం.

చివర్లో, ఆమెన్‌కు కాస్త ముందు,
"లింబాద్రిని గూడ, ప్రభువా."

లింబాద్రి మాకేమీ కాడు.
ఆస్పత్రిలో ఆయాగా బెడ్‌పాన్లు కడిగి
ఆమె కట్టిన చిట్టీ డబ్బులు
రాత్రికి రాత్రే ఎత్తుకుపోయినవాడు.
ఆ పేరు వినగానే తాతయ్య పళ్లు కొరికేవాడు.
"వాని పిల్లలు తిన్నరో లేదో" అనేది,
కంచం దగ్గరికి జరుపుకుంటూ.

భోయిగూడ సమాధుల నుంచి తిరిగొచ్చిన రాత్రి
పక్కింటి ఖైరున్నీసా పంపిన ఖట్టీ దాల్ ముందు
అందరం కూర్చున్నాం.
ప్రార్థన ఎవరు చెయ్యాలో తెలియలేదు.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు.
ఎన్నడూ ఆమెన్ తప్ప అనని మనిషి
వేళ్లు మడుస్తూ, వరస తప్పుతూ,
నన్ను రెండుసార్లు పిలిచి
మేనత్తను మరిచి
ఆగిపోయాడు.

సికింద్రాబాద్‌లోకి ఏదో రైలు కూస్తూ పోయింది.
అది పోయేదాకా ఆగి
"వాన్ని గూడ" అన్నాడు.

పేరు మాత్రం పలకలేదు.