బొటనవేలి గోరు

ఐజ దగ్గర సీడు చేన్లల్ల
పదేండ్ల పిల్లనున్నప్పుడు
నేను తేనెటీగ పని చేసిన.

మాపటికి
రేపు విచ్చే మొగ్గ ఏదో చూపుతోనే ఏరి
బొటనవేలి గోరు దించి
రెక్కలు, పుప్పొడి తొడుగు ఒక్క తిప్పుల ఒలిచి
ఎర్ర కాయితం చుట్టి పెడుతుంటి.
పొద్దుగాల మంచు ఆరినంక
మొగసాళ్ల పూలు ఒడినిండ తెంపుకొచ్చి
ఒక్క పువ్వును ఐదారు పూల కొనలకు రుద్దుతుంటి.
దాన్ని క్రాసింగు అంటరు.
పలక పట్టాల్సిన యేళ్లు పసుపు పట్టినయి.

అసలు ఈగ వచ్చి వాలితే మాత్రం
మేస్త్రి గుండె గుభేలుమంటుండె.
"ఏ పుప్పొడి మోసుకొస్తదో, ఇత్తనం ఖరాబైతది" అని
మందు కొట్టిస్తుండె.
ముక్కుకు తువ్వాల గట్టుకొని
మళ్లీ అవే సాళ్లల్ల దిగుతుంటిమి.

ఇప్పుడు వనపర్తిల రెండర్రల ఇల్లు,
ఎనుక మూడు మంచాలు పట్టే జాగ.
గుమ్మడితీగ గోడెక్కింది గని
పిందె రూపాయి బిళ్లంత కాంగనే
పసుపెక్కి రాలుతది.
గోకారమ్మత్త గోడమీదికెల్లి తొంగిచూసి
"నీకొచ్చిన పనే గద, చేత్తోని రుద్దరాదూ" అన్నది.

అబద్ధమెందుకు, చెయ్యి లేసింది.
ఆడపువ్వు దిక్కు దానంతటదే పోయింది.
ఆ ఒక్క గోరు ఇప్పటికీ పెంచుతున్న,
ఎందుకో నాకే తెల్వదు.
నడుమల ఆగిన.
ఒకల పని గుంజుకొని బతికినట్టు
ఎన్నడూ లేంది, ఆ పొద్దు అనిపించింది.

అప్పట్నుంచి దొడ్డిని పాడువెట్టుడు మొదలువెట్టిన.
కొత్తిమీర కొయ్యలే, పూతకు ఇడిసిన.
తుమ్మి మొలిస్తే పీకలే.
మొలకొచ్చిన ఉల్లిగడ్డలు మట్టిల గుచ్చితే
తెల్లటి బంతులెత్తినయి.
ఆముదం కట్టెలు జానెడు జానెడు నరికి
కట్టగట్టి చూరుకు ఏలాడదీసిన.
పగిలిన మూకుట్ల నీళ్లు, నీళ్లల్ల గులకరాళ్లు,
కాళ్లు ఆనాలె గద వాటికి.
ఒక మూల అలుకలే, ఊడ్వలే.
నేలల బొక్కలు జేసుకొని బతికే ఈగలు గూడ ఉంటయట,
మా చిన్నది బళ్లె విని చెప్పింది.

మా తిమ్మప్పది సిమెంటు పని.
"ఊరందరికీ సీసీ పోసేటోని ఇంటెనుక గీ అడివేంది?
రెండు బస్తాలు మిగిలినయి, ఆయితారం పోస్త" అన్నడు.
పోసిండు.
ఆ మూల మాత్రం వంకరటింకరగ ఇడిసిండు.
ఎవరన్న అడిగితే
"కొలత తప్పింది" అంటడు.
ఇరవై ఏండ్లల్ల ఆయన కొలత తప్పంగ నేను చూడలే.

నెల దినాలు ఏమీ రాలే.
చీమలొచ్చినయి. ఒక కందిరీగ వచ్చి
చిన్నదాన్ని కుట్టి పోయింది.
అటెనుక ఒకనాడు గోకారమ్మత్త లొల్లి:
తన గులాబి ఆకులు ఎవరో
గాజు పెట్టి గీసినట్టు గుండ్రంగ కోసుకపోతున్నరని.
నేను ఆముదం కట్టెల దిక్కు చూసిన.
ఒక బొక్కకు పచ్చటి బిరడా.
ఆకు మీద ఆకు మడిచి, లోపల పిల్లల్ని పెట్టి మూసినట్టున్నది.
అత్తకు చెప్పలే. చెప్త. పిల్లలు బయటవడ్డంక చెప్త.

ఇయ్యాల పొద్దుగాల
గుమ్మడి మొగపువ్వుల ఒకటి తలకిందులై ఉన్నది,
ఒళ్లంత పసుపు.
తొందరేం లేదు దానికి.
నడుమ నడుమ కూసోని కాళ్లు తుడ్సుకుంటది.
సాలు ఎనుకబడ్డదని తిట్టేటోడు లేడు.
అట్ల ఒక్క గడియ కూసుంటే
మాకు పూట కూలి కోస్తుండిరి.

అది లేసి పక్క పువ్వుకు పోయింది,
పిందె మీది పువ్వుకు.
బకెటు సప్పుడు గాకుంట దించి
గోడకు ఆనుకొని చూసిన.

ఎండెక్కింది. అన్నం వొండాలె.
నెయిల్ కట్టరు ఏడ పారేసిందో
చిన్నదాన్ని అడగాలె.