తొమ్మిదో రేకు

కలిచేడు గని షెడ్డులో
కొడవలి మొనతో కాకిబంగారం చీల్చేది
మా అవ్వ మస్తానమ్మ.
ఉల్లిపొర కన్నా పల్చన.
వెలుతురుకు పట్టి చూస్తే
అవతలున్న మేస్త్రీ మీసం కనపడాల,
అప్పుడే అది ఒకటో రకం.

మచ్చపడ్డ రేకులు పదిహేను,
మచ్చలేనిది ఒక్కటి,
రవికెలో దాచి తెచ్చుకునింది.
చిమ్నీ మసి, చీపురు పుల్ల.
మొదటిదాని మీద కొంగను దించింది.
దానిపైన రెండోది పెట్టి, కింది గీతల్ని చూస్తా
మెడ మాత్రం రవ్వంత ఎత్తింది.
పూర్తిగా విప్పిన రెక్కకు
ఆ మచ్చలేని రేకు.

మేస్త్రీ పారేసిన సైకిలు రిమ్ముకు
వరసగా గుచ్చి, వెనక కార్బైడు దీపం పెట్టి,
డబ్బా చీలికలోంచి చూస్తా తిప్పితే
కొంగ లేచింది!
"యాడికి పోతాందే అది?"
బీడీ ఆర్పేసినాడు తాత.

పొదలకూరుకు సినిమా డేరా ఇంకా రాలేదు.
ఈ విద్యకు సముద్రం అవతల
ఏం పేరు పెట్టుకున్నారో
ఆమెకెవరు చెప్తారు?

సోదాలో తొమ్మిదోది దొరికిపోయింది.
మసి తుడిచి, పెట్టెకెత్తి
మద్రాసు రేవుకు పంపారు.
కూలిలో అర్ధణా కోత.

రిమ్ము నా దగ్గరుండాది.
ఎనిమిది దాకా కొంగ నేల మీదే,
పదికల్లా గాల్లో.
తొమ్మిదో చోట ఒట్టి వెలుతురు.
ఎట్టా ఎగిరిందో ఏ రేకూ చెప్పదు,
నా కన్నే గీసుకుంటుంది
ప్రతిసారీ ఒక రెక్క.

ఏ దేశంలో
ఏ రేడియో పొట్టలో ఇరుక్కుందో ఆ రేకు.
పాట మధ్యలో గరగరమన్నప్పుడు
ఎవరో డబ్బాను ఒక్క తట్టు తట్టి ఉంటారు.